నాలుగు వందల మాటల బడి



ఏటా ఆగస్టు దగ్గర పడేసరికి మన గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా బాబుకి ఐదేళ్ళు నిండాయి, కిండర్‌గార్టెన్‌లో వేస్తున్నాం. ఇంట్లో అంతా తెలుగే. వాడికి ఇంగ్లీష్ రాదు. ఇప్పట్నుంచి ఇంట్లో తెలుగు మానేయాలా?" జవాబులు కూడా ఏటా అవే. సగం మంది "మానేయండి, లేకపోతే వెనకబడిపోతాడు" అంటారు. మిగతా సగం "ఏం కాదు, రెండు నెలల్లో వాడే పట్టేసుకుంటాడు" అంటారు. ఎందుకు ఏం కాదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ ప్రశ్న మనతో మొదలైంది కాదు. నేనుంటున్న ఈ టెక్సస్‌లోనే 1950లలో వేలమంది తల్లులు ఇదే దిగులు పడ్డారు. వాళ్ళ ఇంటి భాష స్పానిష్. వాళ్ళ పిల్లల కోసం ఒక హోటల్ యజమాని, ఒక పదిహేడేళ్ళ అమ్మాయి కలిసి ఒక చిన్న బడి మొదలుపెట్టారు. ఆ బడి ఏం సాధించిందో, ఏం సాధించలేకపోయిందో తెలుసుకుంటే మన ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. అందుకే ఈసారి ఆ కథ రాస్తున్నాను.

ఒకటో తరగతి అనే గోడ

ముందు ఆనాటి పరిస్థితి చూడండి. ఇప్పుడైతే మన పిల్లలు ఐదేళ్ళకి కిండర్‌గార్టెన్, ఆరేళ్ళకి ఫస్ట్ గ్రేడ్. అప్పట్లో టెక్సస్‌లో రాష్ట్రమంతటా ప్రభుత్వ ఖర్చుతో నడిచే కిండర్‌గార్టెన్ లేదు. డబ్బున్నవాళ్ళు ప్రైవేటుగా పంపించుకునేవాళ్ళు. మిగతా పిల్లలు ఆరేళ్ళు నిండగానే నేరుగా ఒకటో తరగతిలో కూర్చునేవాళ్ళు. ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లకి అదేం పెద్ద కష్టం కాదు. పొలాల్లో, రైల్వేలో, హోటళ్ళలో పనిచేసే మెక్సికన్ కుటుంబాల పిల్లలకి మాత్రం అది గోడ.

టీచరు ఏం చెప్తోందో తెలియదు. బాత్రూమ్‌కి వెళ్ళాలని అడగడం రాదు. పోనీ పక్కపిల్లని స్పానిష్‌లో అడుగుదామంటే శిక్ష. 1918లో, మొదటి ప్రపంచయుద్ధం వేడిలో, టెక్సస్ ఒక చట్టం చేసింది. బడిలో పాఠాలన్నీ ఇంగ్లీష్‌లోనే చెప్పాలి, కాదంటే అది నేరం. ఆ చట్టం నీడలో చాలా స్కూళ్ళు ఆటస్థలంలో కూడా స్పానిష్ వినపడకూడదని నియమం పెట్టుకున్నాయి. కొన్నిచోట్ల జరిమానా, కొన్నిచోట్ల దెబ్బలు. మన ఊళ్ళలో కాన్వెంటు బళ్ళలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాదాపు అదే.

ఏడాది చివరికి ఆ పిల్ల ఫెయిల్. మళ్ళీ ఒకటో తరగతి. కొందరికి మూడోసారి కూడా. పదేళ్ళొచ్చినా ఏడేళ్ళ పిల్లల మధ్య కూర్చోవాల్సి వస్తే ఏ పిల్లకైనా సిగ్గేస్తుంది. ఒకరోజు బడి మానేస్తుంది. ఎంతోమంది చదువు అలాగే, అసలు మొదలవకముందే, ముగిసిపోయింది.

పైగా "వీళ్ళకి భాష రాదు" అన్నది ఒక సాకుగా కూడా పనికొచ్చింది. 1948లో డెల్గాడో కేసులో ఫెడరల్ కోర్టు, మెక్సికన్ పిల్లల్ని విడిగా వేరే బళ్ళలో పెట్టడం చెల్లదని తీర్పు ఇచ్చింది. కానీ ఒక సందు వదిలింది. పరీక్ష పెట్టి, ఇంగ్లీష్ రాదని తేలితే, ఒకటో తరగతి వరకు అదే బడిలో వేరే గదిలో కూర్చోబెట్టవచ్చంది. ఆ సందులోంచి చాలా స్కూళ్ళు దూరాయి. డ్రిస్కాల్ అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ పిల్లల్ని ఏళ్ళ తరబడి మొదటి రెండు తరగతుల్లోనే ఉంచేశారు. దాని మీద కేసు వేశారు. ఆ బడిలో ఒక పాపకి స్పానిష్ ఒక్క ముక్క రాదు, ఇంగ్లీషే వచ్చు. ఇంటిపేరు చూసి ఆ పాపని కూడా "ఇంగ్లీష్ రానివాళ్ళ" గదిలోనే పడేశారు! 1957 జనవరిలో కోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది.

కోర్టు గెలుపు గెలుపే. కానీ ఆ సెప్టెంబరులో బడికి వెళ్ళబోయే పిల్లకి ఇంగ్లీష్ ఎవరు నేర్పుతారు? అసలు చిక్కు అక్కడే ఉండిపోయింది.

హోటల్ యజమాని, పదిహేడేళ్ళ టీచరు

హ్యూస్టన్‌లో ఫీలిక్స్ టిహెరీనా అని ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడే పనిలోకి వచ్చి, హోటల్లో బల్లలు తుడిచి, ప్లేట్లు తీసి, ఆ పనిలోనే ఇంగ్లీష్ నేర్చుకున్న మనిషి. తర్వాత భార్య జేనీతో కలిసి సొంతంగా మెక్సికన్ రెస్టారెంట్లు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. హ్యూస్టన్‌లో చాలాకాలంగా ఉంటున్నవాళ్ళకి వెస్ట్‌హైమర్ రోడ్డు మీద ఉండే 'ఫీలిక్స్' తెలిసే ఉంటుంది. 1956లో ఆయన లూలాక్ అనే సంఘానికి జాతీయ అధ్యక్షుడయ్యాడు. 1929లో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో పుట్టిన ఈ సంఘం మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం పనిచేసేది. పైన చెప్పిన డెల్గాడో కేసు వెనక ఉన్నది కూడా ఈ సంఘమే.

టిహెరీనా ఆలోచన చాలా సాదాగా ఉంది. ఒకటో తరగతి పిల్లకి ఇంగ్లీష్ అంతా రానక్కర్లేదు. టీచరు చెప్పేది పట్టుకోవడానికి, తనకి కావలసింది అడగడానికి కొన్ని మాటలు వస్తే చాలు. మిగతాది బడే నేర్పుతుంది. ఎన్ని మాటలు? నాలుగు వందలు. బేటౌన్‌కి చెందిన ఎలిజబెత్ బర్రస్ అనే టీచరు ఆ మాటల జాబితా తయారుచేయడంలో సాయపడింది. బడి తెరవడానికి ముందు వేసవిలో ఆ నాలుగు వందల మాటలు నేర్పించాలి, అంతే. పేరు కూడా అదే పెట్టారు: 'లిటిల్ స్కూల్ ఆఫ్ ది 400'. మన మాటల్లో నాలుగు వందల మాటల చిన్నబడి.

మొదటి బడి ఎక్కడ పెట్టారో చూడండి. మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్న షుగర్‌లాండ్ నుంచి 59 హైవే పట్టుకుని విక్టోరియా వైపు వెళ్తుంటే దారిలో గనాడో అనే చిన్న ఊరు వస్తుంది. మనవాళ్ళు కాఫీకి కూడా ఆగకుండా దాటిపోయే ఊరు. ఆ ఊళ్ళో ఇసబెల్ వెర్వెర్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి, హైస్కూలు చదువుతోంది. తనూ స్పానిష్ ఇంట్లో పెరిగిన పిల్లే. టిహెరీనా ఆలోచన గురించి పత్రికలో చదివి, నేను నేర్పుతానని ముందుకొచ్చింది. వారానికి 25 డాలర్లు ఆయన తన జేబులోంచి ఇచ్చాడు. 1957 వేసవిలో బడి మొదలైంది.

మొదట్లో వచ్చింది ముగ్గురు పిల్లలే.

ఇసబెల్ ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని అడిగింది. ఎండాకాలం కూడా పిల్లల్ని బడికి ఎందుకు పంపాలో వాళ్ళ భాషలోనే, స్పానిష్‌లోనే, చెప్పింది. మన అంగన్‌వాడీ టీచర్లు గుమ్మం గుమ్మం తిరిగి పిల్లల్ని పోగుచేసుకోవడం చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తగా ఉండదు. వేసవి అయ్యేసరికి నలభై మందికి పైగా పిల్లలు చేరారు. ఆ సెప్టెంబరులో వాళ్ళు ఒకటో తరగతిలోకి వెళ్ళినప్పుడు, ముందటి ఏళ్ళ పిల్లల్లాగా బిత్తరపోలేదు. ఏడాది నిలదొక్కుకున్నారు.

ఊరి బడి నుంచి శాసనసభ దాకా

తర్వాతి వేసవికి ఇంకొన్ని ఊళ్ళలో తెరిచారు. కానీ ఎంతకాలం జేబు డబ్బుతో నడుస్తుంది? టిహెరీనా శాసనసభ వెంట పడ్డాడు. పిల్లల మీద జాలి పడమని అడగలేదు, లెక్క చెప్పాడు. ఒక పిల్ల ఒకటో తరగతి రెండోసారి చదివితే ఆ ఖర్చు ప్రభుత్వానిదే. దానికంటే ఒక వేసవి బడి ఎంతో చవక. వ్యాపారం చేసినవాడు కదా, ఎదుటివాడికి ఏ మాట ఎక్కుతుందో తెలుసు.

1959లో టెక్సస్ శాసనసభ ఇంగ్లీష్ రాని పిల్లలకి బడికి ముందు తరగతులు నడిపే చట్టం చేసింది. ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్రానిది. 1960 వేసవిలో, మొదటి ఏడాదే, 15 వేలకు పైగా పిల్లలు చేరారు. పిల్లల్ని పంపమని తల్లిదండ్రులకి స్పానిష్ రేడియోలో కూడా చెప్పించారు. ముగ్గురు పిల్లలతో మొదలైంది మూడేళ్ళలో అక్కడికి చేరింది.

ఇంకో ఐదేళ్ళకి, 1965 వేసవిలో, దేశమంతటా 'హెడ్ స్టార్ట్' మొదలైంది. పేద పిల్లల్ని బడికి సిద్ధం చేసే ఆ ఎనిమిది వారాల కార్యక్రమంలో మొదటి వేసవే ఐదు లక్షల మందికి పైగా పిల్లలు చేరారు. చదువు ఒక్కటే కాదు, భోజనం, పళ్ళ పరీక్ష, టీకాలు కూడా. దాన్ని మొదలుపెట్టిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కూడా టెక్సస్ వాడే. కాలేజీలో చదువుకునే రోజుల్లో, 1928లో, కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. ఆ పిల్లలు చాలామంది ఖాళీ కడుపుతో వచ్చేవాళ్ళని 1965 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ ముందు నిలబడి తనే చెప్పుకున్నాడు. అదే బడిలో పిల్లలు స్పానిష్ మాట్లాడకూడదని గట్టిగా పట్టుబట్టిన టీచరు కూడా ఆయనే. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. పిల్లల మీద ప్రేమ లేక కాదు, మంచి చేయాలంటే ఇంటి భాష మాన్పించాలని ఆ రోజుల్లో మంచివాళ్ళు కూడా నమ్మారు.

నాలుగు వందల మాటల్లో లేనిది

ఇక్కడే మన ప్రశ్నకి దగ్గరగా వస్తున్నాం.

లిటిల్ స్కూల్ ఒక పిల్లకి నాలుగు వందల ఇంగ్లీష్ మాటలు ఇచ్చింది. అది చాలా మంచి పని. కానీ ఆ పిల్లకి అప్పటికే వచ్చిన వేల స్పానిష్ మాటల సంగతేంటి? అమ్మమ్మ చెప్పిన కథలు, లెక్కపెట్టడం, రంగుల పేర్లు, వేళ్ళ మీద వారాల పేర్లు, అవన్నీ? బడి లెక్కలో వాటికి విలువ సున్నా. ఆ పిల్ల "ఏమీ రాని" పిల్ల. బడి గుమ్మం దాటడానికి సాయం దొరికింది గానీ, లోపల నియమం మారలేదు. స్పానిష్ మాట్లాడితే శిక్ష అలాగే ఉంది.

తర్వాత అదే రాష్ట్రంలో ప్రొఫెసరైన జార్జ్ సాంచెజ్ 1930లలోనే దీని మీద రాశాడు. పిల్లకి రాని భాషలో తెలివితేటల పరీక్ష పెట్టి, మార్కులు తక్కువ వచ్చాయని ఆ పిల్లకి తెలివి తక్కువ అని రాసుకోవడం ఏం న్యాయం అని అడిగాడు. 1960ల చివరికి ఆ పిల్లల తరమే పెద్దదై వీధుల్లోకి వచ్చింది. 1968లో టెక్సస్ హైస్కూళ్ళలో విద్యార్థులు సమ్మెలు చేశారు. మా భాష మాట్లాడినందుకు మమ్మల్ని కొట్టకండి అన్నది కూడా వాళ్ళ కోర్కెల్లో ఒకటి. నాలుగు వందల మాటల బడి వాళ్ళకి చాలని సాయంలా కనిపించింది.

మార్పు మెల్లగా వచ్చింది. 1968 జనవరిలో జాన్సనే రెండు భాషల చదువుకి డబ్బిచ్చే చట్టం మీద సంతకం చేశాడు. దాన్ని తెచ్చిన సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో కూడా టెక్సస్ వాడే. 1969లో టెక్సస్ తన పాత ఇంగ్లీష్ మాత్రమే చట్టాన్ని పక్కన పెట్టింది. 1974లో శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ కుటుంబాలు వేసిన లావ్ కేసులో సుప్రీంకోర్టు ఒక్క మాట తేల్చింది. అర్థం కాని భాషలో అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చి సమానంగా చూశామంటే కుదరదు, భాష రాని పిల్లకి బడి దారి చూపించాలి. ఈరోజు మీ పిల్లకి ఈఎస్ఎల్ టీచరు ఉన్నారంటే ఆ చైనీస్ తల్లిదండ్రుల పుణ్యం కూడా అందులో ఉంది.

మొదటి కిండర్‌గార్టెన్ ఏ భాషలో నడిచింది?

బడికి సిద్ధం కావాలంటే ఇంటి భాష వదలాలన్న మాట కిండర్‌గార్టెన్‌తో పాటు పుట్టింది కాదు. ఈ సంగతి తెలిస్తే మీరూ ఆశ్చర్యపోతారు.

కిండర్‌గార్టెన్ అన్న మాటే జర్మన్. పిల్లల తోట అని అర్థం. 1840లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పెట్టిన పేరు. పాటలు, చెక్కదిమ్మలు, మొక్కలు, ఆటలతో పిల్లల మనసు వికసించాలని ఆయన ఆలోచన. అమెరికాలో మొట్టమొదటి కిండర్‌గార్టెన్ 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో మొదలైంది. పెట్టింది ఏ ప్రభుత్వమో కాదు. మార్గరెట్ షుర్జ్ అనే ఒక తల్లి, జర్మనీ నుంచి వలస వచ్చిన ఇల్లాలు. తన కూతుర్ని, బంధువుల పిల్లల్ని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది. నడిపింది జర్మన్‌లో! ఇంట్లో ఏ భాషో బడిలోనూ అదే భాష.

తర్వాత బోస్టన్‌లో ఎలిజబెత్ పీబాడీ ఆమెనీ ఆమె కూతుర్నీ కలిసి, ఆ పిల్ల చురుకు చూసి ముచ్చటపడి, 1860లో ఇంగ్లీష్‌లో నడిచే మొదటి కిండర్‌గార్టెన్ పెట్టింది. 1873లో సెయింట్ లూయిస్‌లో సూజన్ బ్లో దాన్ని ప్రభుత్వ బడిలోకి తెచ్చింది. అంటే ఈ దేశంలో కిండర్‌గార్టెన్‌కి విత్తనం వేసింది ఒక వలస తల్లి, తన అమ్మభాషలో. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ మీద కోపం వచ్చాకే చాలా రాష్ట్రాలు బడిలో ఇతర భాషల్ని తరిమేశాయి. టెక్సస్ 1918 చట్టం ఆ గాలిలో వచ్చినదే. ఆ దెబ్బ జర్మన్ పిల్లలతో ఆగక, చివరికి గనాడోలో స్పానిష్ మాట్లాడే పిల్లల మీద కూడా పడింది.

మనకి దీంట్లో ఏముంది?

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లని బడికి సిద్ధం చేసినవి కొత్తగా ఇచ్చిన మాటలు, ధైర్యం, అలవాటు. ఉన్న మాటలు లాక్కోవడం వల్ల ఏ పిల్లా ముందుకి పోలేదు. లిటిల్ స్కూల్ పనిచేసింది స్పానిష్ తీసేసినందుకు కాదు, ఇంగ్లీష్ కలిపినందుకు. తల్లుల్ని ఒప్పించింది కూడా వాళ్ళ భాష వచ్చిన అమ్మాయే.

కాబట్టి మన పిల్లలకి కూడా కలపండి, తీసేయకండి. బడి తెరిచేలోపు నాలుగు వందలు కాదు, ఒక నలభై ఇంగ్లీష్ మాటలు ఆటలో ఆటగా నేర్పండి. బాత్రూమ్, నీళ్ళు, ఆకలి, నొప్పి, సాయం చెయ్యండి, నాకు అర్థం కాలేదు, మా అమ్మ కావాలి. తన పేరు, ఇంటిపేరు, మీ ఫోన్ నంబరు. ఇవి వస్తే పిల్ల బెదరదు. మిగతా కథలు, కబుర్లు, కోపాలు, బుజ్జగింపులు తెలుగులోనే సాగనివ్వండి. నేను ఆస్పత్రిలో పనిచేస్తాను. దెబ్బ తగిలి వచ్చిన పిల్లలు, ఇంగ్లీష్ గడగడా మాట్లాడేవాళ్ళైనా సరే, నొప్పి ఎక్కువైతే ఇంటి భాషలోనే అమ్మని పిలుస్తారు. ఆ మాటకి జవాబు చెప్పే భాష ఇంట్లో మిగిలి ఉండాలి కదా.

ఇంకో రెండు పనికొచ్చే సంగతులు. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. దానికి భయపడి చాలామంది ఇంగ్లీష్ అని రాసేస్తున్నారు. తెలుగైతే తెలుగు అనే రాయండి. అది పిల్ల మీద మచ్చ కాదు. అలా రాస్తేనే పరీక్ష పెట్టి, అవసరమైతే సాయం ఇస్తారు. ఆ సాయం వద్దనుకుంటే వద్దనే హక్కు కూడా మీకుంది. అడిగి, చదివి, సంతకం పెట్టండి.

రెండోది, టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి. సెప్టెంబరు 1కి నాలుగేళ్ళు నిండిన పిల్లకి ఇంగ్లీష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోతే, ప్రభుత్వ బడిలో ఉచితంగా ప్రీ-కేలో చేర్చుకోవడానికి అర్హత ఉంటుంది. ఈ కారణంతో చేరేవాళ్ళకి ఇంటి ఆదాయం అడ్డు కాదు. అలాంటి అర్హత ఉన్న నాలుగేళ్ళ పిల్లలు 15 మంది తేలితే ఆ డిస్ట్రిక్ట్ ప్రీ-కే నడపాలి. 1984లో చేసిన చట్టంతో వచ్చిన సదుపాయం ఇది. పేదవాళ్ళకే అనుకుని మనవాళ్ళు అడగడం లేదు. వెళ్ళి అడగండి.

చివరగా ఇండియాలో ఉన్న అమ్మమ్మలకీ నానమ్మలకీ ఒక మాట. వీడియో కాల్‌లో మనవడితో ఇంగ్లీష్ కూడబలుక్కుని మాట్లాడనక్కర్లేదు. దానికి ఇక్కడ బడి ఉంది, టీచర్లున్నారు. మీరు చెప్పే కథ చెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు. మీరు తెలుగులోనే చెప్పండి.